ఫొటోల మధ్య ఫేడ్: చీర రంగు వెలిసిపోకుండా ఎలా చేయాలి?

విజయవాడ బీసెంట్ రోడ్డులోనో వస్త్రలతలోనో షాపు టీవీ కోసం చీరల స్లైడ్‌షో ప్రోగ్రాం రాసేవాళ్లు తరచూ ఒకే తప్పు చేస్తారు. ఒక ఫొటో మెల్లగా ఇంకోదానిగా మారేటప్పుడు, అంటే ఫేడ్ మధ్యలో, రంగు పాలిపోతుంది. "ఏంటండీ, కొత్త చీర వెలిసినట్టుంది?" అని ఓనరు అడిగితే టీవీ మీదికి తోసేస్తారు. తప్పు టీవీది కాదు, కోడ్‌ది.

నేను సి షార్ప్ భాష, విండోస్ ప్రోగ్రాముల తెరలు కట్టే విన్‌ఫార్మ్స్ వాడతాను. ఇలాంటి పనికి అవి చాలు. ఫారానికి, అంటే ప్రోగ్రాం విండోకి, డబుల్ బఫర్డ్ ఆన్ చేయండి (బొమ్మను వెనక పూర్తిగా గీశాకే తెర మీదికి తెస్తుంది), లేకపోతే తెర మినుకుమంటుంది. ఫొటో చూపించే రెడీమేడ్ పిక్చర్‌బాక్స్ వద్దు, విండోను గీసే ఆన్‌పెయింట్ ఫంక్షన్‌లో మీరే గీయండి. ఒక్కో చుక్క (పిక్సెల్) రంగును చదివి మార్చే గెట్‌పిక్సెల్, సెట్‌పిక్సెల్ జోలికి పోవద్దు. ఫుల్ హెచ్‌డీ ఫొటోలో 20,73,600 పిక్సెళ్లుంటాయి, ఒక్కో ఫ్రేముకీ అన్నీ తిరిగితే స్లైడ్‌షో నత్తనడకే.

ఇక అసలు సంగతి. పాత ఫొటో పారదర్శకతను ముట్టుకోకండి. అందరూ పాతదాన్ని తగ్గిస్తూ కొత్తదాన్ని పెంచుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది, లెక్క మాత్రం తేడా కొడుతుంది. రంగు విలువ 0 అంటే నలుపు, 255 అంటే తెలుపు. ఫారం రంగు 240, రెండు చీరల్లోనూ ఒకచోట విలువ 100 అనుకోండి. సగం దగ్గర పాతదాన్ని 50 శాతంతో గీస్తే 170 వస్తుంది. దాని మీద కొత్తది 50 శాతంతో గీస్తే 135. రావాల్సింది 100. వెనకున్న బూడిదరంగు పావు వంతు బయటికొచ్చింది, అదే ఆ వెలిసిపోవడం. పాతదాన్ని నిండుగా గీసి, దాని మీద కొత్తదాన్ని మాత్రమే కలర్ మ్యాట్రిక్స్‌లోని మ్యాట్రిక్స్33 విలువను (ఫొటో ఎంత నిండుగా కనిపించాలో చెప్పేది ఇదే) 0 నుంచి 1కి పెంచుతూ గీయండి. విన్‌ఫార్మ్స్ లాంటిదే ఇంకోటి, డబ్ల్యూపీఎఫ్‌లో నిండుదనాన్ని తనే మార్చే ఒపాసిటీ యానిమేషన్ ఉంది కదా అంటారు. అక్కడా రెండింటినీ ఎదురెదురుగా నడిపితే ఇదే గతి.

అయితే ఇది రెండు ఫొటోలూ తెరంతా నిండి ఉంటేనే కుదురుతుంది. కొత్తది నిలువు ఫొటో అయినా, పారదర్శక పీఎన్‌జీ లోగో అయినా, ఖాళీల్లోంచి పాత ఫొటో చివరిదాకా కనిపించి ఒక్కసారిగా మాయమవుతుంది. అందుకే ఒక్కో ఫొటోకీ దాని ఫేడ్ మొదలయ్యే ముందే తెర సైజులో బిట్‌మ్యాప్ (మెమరీలో ఉండే బొమ్మ) చేసి, బ్యాక్‌గ్రౌండ్ రంగు నింపి, దాని మీద ఫొటో గీసి పెట్టుకోండి. ఈ పని ఎగ్గొట్టడానికి వీల్లేదు.

ఇంకొకటి. ప్రతి ఫ్రేమునూ పాత ఫొటో నుంచే మొదలుపెట్టాలి, ముందు ఫ్రేము మీద కాదు. ముందు ఫ్రేము మీదే 10, 20, 30 శాతాలతో గీసుకుంటూ పోతే మూడో ఫ్రేముకే కొత్త ఫొటో దాదాపు 50 శాతం వచ్చేస్తుంది.

టైమర్ టిక్కులు లెక్కపెట్టొద్దు, విన్‌ఫార్మ్స్ టైమర్‌కి అంత కచ్చితత్వం లేదు. ఫేడ్ మొదలైనప్పటి నుంచి స్టాప్‌వాచ్ చూపే సమయాన్ని 800 మిల్లీసెకన్లతో భాగించండి, 1 దాటితే 1 దగ్గరే ఆపండి. మ్యాట్రిక్స్33కి ఇవ్వాల్సిన విలువ అదే. ఫేడ్ సెకను దాటకూడదు, కొనడానికొచ్చినవాళ్లు చీర చూడాలి గానీ ఫేడ్ కాదు.

పరీక్షకి ప్రకాశం బ్యారేజీ ఫొటో ఒక్కటే తీసుకుని రెండు చోట్లా పెట్టండి. ఫేడ్ నడుస్తున్నంతసేపూ తెర మీద ఏ మార్పూ కనిపించకూడదు. కాస్త తెల్లబడినా పాతదాన్ని ఎక్కడో తగ్గిస్తున్నట్టే. అది సరిపోయాక, ఫేడ్ ముగియగానే టైమర్ ఆపి పాత బిట్‌మ్యాప్‌ను డిస్పోజ్ చేయండి, అంటే మెమరీలోంచి తీసేయండి, పొద్దుట్నుంచి రాత్రిదాకా నడిచే షాపులో మెమరీ నిండిపోకుండా ఉంటుంది.