ఎలాస్టిక్‌తో విశ్వం వయసు లెక్క

పూర్ణా మార్కెట్‌లో అంగుళం వెడల్పు కుట్టు ఎలాస్టిక్ అర మీటరు కొనండి. కొత్తదే కావాలి. విశాఖ ఉప్పుగాలికి పాతబడినది ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ సాగి లెక్క చెడగొడుతుంది.

బాల్‌పెన్నుతో 0, 10, 20, 30, 40 సెంటీమీటర్ల దగ్గర గీతలు పెట్టండి. సున్నా కొసను బల్లకు టేపుతో అంటించి, రెండో కొసను ఒకే వేగంతో 5 సెకన్లలో 75 సెం.మీ. దాకా లాగండి. 10 గీత 15కి, 40 గీత 60కి చేరాలి. అంటే వేగాలు సెకనుకు 1, 4 సెం.మీ. దూరాన్ని వేగంతో భాగిస్తే రెండిటికీ 15 సెకన్లే!

గెలాక్సీలకూ ఇదే లెక్క. విశ్వం విస్తరిస్తుండటంతో అవి మననుంచి దూరమవుతున్నాయి. ఒక్కో మెగాపార్సెక్ (గెలాక్సీల దూరాలకు వాడే కొలమానం) దూరానికి ఆ వేగం సెకనుకు సుమారు 70 కి.మీ. మెగాపార్సెక్‌లోని 3.09×10¹⁹ కి.మీ.ని 70తో భాగిస్తే వచ్చే సెకన్లు దాదాపు 1400 కోట్ల ఏళ్లు. విస్తరణ మొదట నెమ్మదించి, తర్వాత పుంజుకుంది. అదంతా కలిపితే 1380 కోట్లు.

చాలామంది పొరబడేది ఇక్కడే. లెక్క 15 సెకన్లు చెప్పింది, మీరు లాగింది మాత్రం 5 సెకన్లే. గీతలు ఎన్నడూ ఒకే చుక్కలో లేవు. కాబట్టి ఈ భాగహారం ఒక్కటే విశ్వానికి ఆది ఉందని రుజువు చేయదు. అత్యంత వేడిగా, చిక్కగా ఉన్న దశకు ఆధారం 1965లో ప్రకటించిన మైక్రోవేవ్ నేపథ్య వికిరణం, అంటే ఆ దశ నుంచి మిగిలి ఆకాశం నలుమూలల నుంచీ వచ్చే వెలుగు. 2003లో ముగ్గురు భౌతిక శాస్త్రవేత్తలు ఇచ్చిన బోర్డ్–గూత్–విలెంకిన్ సిద్ధాంతం ప్రకారం, సగటున విస్తరిస్తూ వచ్చిన విశ్వంలో ఆ విస్తరణ అనంత గతంలోకి సాగదు. ఆ విస్తరణకు ముందు ఏముందో ఆ సిద్ధాంతం చెప్పదు.