వెల్డర్ అప్రెంటిస్‌ల కోసం సంస్థలు దరఖాస్తు చేసే విధానం

పైపులైన్లు, బాయిలర్లు, పీడన పాత్రలు, భారీ ఉక్కు కట్టడాలు నిర్మించే సంస్థలు వెల్డర్ల కొరతను తమ వర్క్‌షాపులోనే, తమ సైటులోనే శిక్షణ ఇచ్చి తీర్చుకోవడానికి 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం అవకాశం కల్పిస్తోంది. ఐటిఐలో వెల్డర్ ట్రేడు ఒక ఏడాది కోర్సు. ఆ ఏడాదిలో అభ్యర్థి ఆర్కును (లోహాన్ని కరిగించే విద్యుత్ జ్వాలను) నిలపడం, ప్లేటు మీద బీడ్ (కరిగిన లోహపు వరుస) వేయడం, ఫిల్లెట్ జాయింటు (రెండు ప్లేట్లు కలిసే మూల) అతకడం నేర్చుకుంటాడు. అయితే 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపుకు చుట్టూ వెల్డు వేసి, అది రేడియోగ్రఫీ (ఎక్స్‌రే వంటి కిరణాలతో లోపాలు చూసే) పరీక్షలో నెగ్గేలా చేయడానికి, అంటే సైటులో అందరూ 6జి అనే పొజిషన్‌కు, ఆ ఏడాది చాలదు. మిగిలిన శిక్షణ యాజమాన్యమే ఇవ్వాలి.

కాంట్రాక్టు సిబ్బందితో కలిపి 30 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. 4 నుంచి 29 మంది ఉన్న చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులకు ఇది ఐచ్ఛికం. నిర్మాణ రంగంలో సంస్థ సొంత జీతాల పట్టికలో ఉండేవారు కొద్దిమందే కాబట్టి తమకు ఈ బాధ్యత లేదని కొందరు భావిస్తారు. లెక్కలో కాంట్రాక్టు కార్మికులు కూడా చేరతారన్న సంగతిని దరఖాస్తుకు ముందే గుర్తించాలి. తీసుకోవలసిన సంఖ్య తగ్గితే, భర్తీ కాని ఒక్కొక్క స్థానానికి మొదటి మూడు నెలలు నెలకు 500 రూపాయల చొప్పున, ఆ తరువాత భర్తీ అయ్యేవరకు నెలకు 1,000 రూపాయల చొప్పున జరిమానా ఉంటుంది.

సంస్థ తన పాన్, జీఎస్టీ వంటి వివరాలతో అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదు కావడంతో దరఖాస్తు మొదలవుతుంది. ఏ ప్రభుత్వ పరిధిలోకి వస్తారో ఇక్కడే సరిగా చూసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలతో పాటు నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో పనులు నడిపే సంస్థలు కేంద్రం పరిధిలోకి వస్తాయి. ఒక రాష్ట్రానికే పరిమితమైన ప్రైవేటు సంస్థ ఆ రాష్ట్ర అప్రెంటిస్‌షిప్ సలహాదారును, అంటే ఈ చట్టం అమలు చూసే అధికారిని, సంప్రదించాలి. పలు రాష్ట్రాల్లో ప్రాజెక్టులున్న నిర్మాణ కంపెనీలు ఈ విషయంలో పొరబడకుండా ఉండాలి.

తరువాత శిక్షణ అవకాశాన్ని పోర్టల్‌లో నమోదు చేయాలి. దరఖాస్తు మొత్తంలో ఎక్కువ ఆలోచన అవసరమైనది ఈ దశలోనే. ప్రభుత్వం పాఠ్యప్రణాళిక నిర్ణయించిన వెల్డర్ ట్రేడును డెసిగ్నేటెడ్ ట్రేడుగా ఎంచుకోవచ్చు. లేదా 2014 సవరణతో వచ్చిన ఆప్షనల్ ట్రేడు కింద సంస్థే తన అవసరానికి తగిన పాఠ్యప్రణాళికను రూపొందించుకోవచ్చు. దీని కాలపరిమితి 6 నుంచి 36 నెలలు. పనిలో ఎక్కువ భాగం పైపు వెల్డింగే అయిన సంస్థకు రెండవ మార్గమే మేలని నా అభిప్రాయం. ఆ ప్రణాళికలో ఏ నెలలో ఏ పద్ధతి నేర్పుతారో, రూట్ పాస్ (జాయింటు అడుగున వేసే మొదటి పొర) టిగ్‌తో (టంగ్‌స్టన్ ఎలక్ట్రోడుతో, జడ వాయువు రక్షణలో చేసే వెల్డింగ్‌తో) వేయించి మిగతాది వెల్డింగ్ రాడ్డుతో నింపడం ఎప్పుడు మొదలుపెడతారో, తేలికైన 1జి పొజిషన్ నుంచి 2జి, 5జి మీదుగా 6జికి ఎలా చేరుస్తారో, ఎవరి పర్యవేక్షణలో ఎన్ని టెస్టు కూపన్లు (పరీక్ష కోసం అతికే నమూనా ముక్కలు) వేయిస్తారో స్పష్టంగా రాయాలి. పేరుకు అప్రెంటిస్‌గా చేర్చుకుని గ్రైండింగుకూ, స్లాగు (వెల్డు మీద గట్టిపడే పెంకు) కొట్టడానికీ పరిమితం చేస్తే ఏడాది గడిచినా వెల్డర్ తయారు కాడు. అది ఆ యువకుడికి చేసే అన్యాయం కూడా. అన్ని రకాల పనీ తమ దగ్గర లేని చిన్న సంస్థలు కొన్ని కలిసి, అప్రెంటిస్‌లను ఒక షాపు నుంచి మరొక షాపుకు మారుస్తూ శిక్షణ ఇవ్వడానికి చట్టం అనుమతిస్తుంది.

అభ్యర్థులు ఆధార్‌తో నమోదై, ఆధార్‌కు అనుసంధానమైన బ్యాంకు ఖాతాతో పోర్టల్‌లో సిద్ధంగా ఉండాలి. చట్టప్రకారం కనీస వయసు 14 ఏళ్లే అయినా, ప్రమాదకర పరిశ్రమలకు సంబంధించిన డెసిగ్నేటెడ్ ట్రేడుల్లో 18 ఏళ్లు నిండాలి. ఎంపిక పూర్తయ్యాక ఇరుపక్షాల మధ్య ఒప్పందం కుదుర్చుకుని, దాని వివరాలను 7 రోజుల్లోగా పోర్టల్‌లో నమోదు చేయాలి. సలహాదారుకు అభ్యంతరమేదైనా ఉంటే 15 రోజుల్లో తెలియజేస్తారు, లేకుంటే 30 రోజుల్లోగా ఒప్పందాన్ని రిజిస్టర్ చేస్తారు. అభ్యర్థి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో, విద్యార్హత పత్రాల్లో ఒకేలా ఉన్నాయా లేదా అని ముందే సరిచూసుకుంటే ఈ దశలో కాలయాపన తగ్గుతుంది.

ఐటిఐ పట్టా ఉన్నవారికి 2019 సవరణ నెలకు 7,000 రూపాయల కనీస స్టైపెండ్ నిర్ణయించింది. ఒప్పందం నాటికి అమల్లో ఉన్న రేటు ప్రకారమే చెల్లించాలి. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. 2023 నుంచి ఆ వాటా నేరుగా అప్రెంటిస్ ఖాతాలో జమ అవుతోంది. సంస్థ తన వాటాను చెల్లించిన వివరాలను ప్రతి నెలా పోర్టల్‌లో చూపాలి.

అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే, కార్మికుడు కాడు. అందువల్ల సలహాదారు అనుమతి లేకుండా అతనితో ఓవర్‌టైమ్ చేయించకూడదు. షట్‌డౌన్ పనుల (ప్లాంటు ఆపి చేసే మరమ్మతుల) ఒత్తిడిలో ఈ నిబంధనను విస్మరించే ప్రమాదం ఎక్కువ. శిక్షణలో గాయపడితే నష్టపరిహారం చెల్లించవలసింది యాజమాన్యమే. కాబట్టి హెల్మెట్, లెదర్ గ్లవ్స్, పొగను బయటకు లాగే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

శిక్షణ ముగిశాక పరీక్షలో ఉత్తీర్ణుడైన అభ్యర్థికి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ లభిస్తుంది. అయితే కోడ్ (సాంకేతిక ప్రమాణాల) ప్రకారం జరిగే పైపు పనిలో వెల్డరుగా నిలబెట్టడానికి అది సరిపోదు. ఏఎస్‌ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) సెక్షన్ 9 వంటి ప్రమాణం కింద విడిగా అర్హత పరీక్ష పెట్టించాలి. టిగ్ వంటి ఒక పద్ధతిలో 6 నెలల పాటు వెల్డింగ్ చేయకపోతే ఆ అర్హత రద్దవుతుంది గనుక, శిక్షణ పూర్తికాగానే అతనికి ఆ పనే అప్పగించేలా ప్రాజెక్టు షెడ్యూలును ముందుగానే సిద్ధం చేసుకోవాలి.