విదేశీ కారు తెప్పించుకునే ముందు కాగితాలు చూడండి

దిగుమతి కార్ల పత్రాలు పరిశీలించడం నా పని. నా దగ్గరకు వచ్చేవారు ముందుగా కారు ఫొటోలు చూపిస్తారు, నేను కాగితాలు అడుగుతాను. రంగు వెలిసిపోతే మళ్లీ వేయించుకోవచ్చు. తయారీ తేదీ రుజువు కాకపోతే ఏ మెకానిక్కూ ఏమీ చేయలేడు.

మీ కారును ఏ నిబంధన కింద రానిస్తారో మొదట తేల్చుకోండి. అమెరికాలో 25 ఏళ్లు నిండిన కారుకు కేంద్ర భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. కెనడాలో 15 ఏళ్లు నిండితే చాలు. అయితే అమెరికాలో ఆ వయసును మోడల్ సంవత్సరంతో లెక్కించరు, తయారైన నెల నుంచి లెక్కిస్తారు. 2001 నవంబరులో తయారైన కారు 2026 జూన్‌లో అక్కడి రేవు చేరితే మినహాయింపు దక్కదు. వయసు చాలని కారును ప్రభుత్వ గుర్తింపు ఉన్న దిగుమతిదారు ద్వారానే తెచ్చి, ప్రమాణాలకు తగ్గట్టు మార్పించాలి. సుంకం కట్టే విలువకు ఒకటిన్నర రెట్లు బాండు కూడా ఇవ్వాలి. ఆగగలిగితే ఆగమనే చెబుతాను.

జపాన్‌లో అక్కడి కొనుగోలుదారుల కోసమే తయారైన పాత కార్లకు 17 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండదు. నిస్సాన్ స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్ ఛాసిస్ నంబరు బీఎన్‌ఆర్32తో మొదలై, ఒక గీత, ఆపైన అంకెలతో ముగుస్తుంది. బానెట్ ఎత్తితే ఇంజన్ వెనక లోహపు గోడ మీద అది ముద్రించి ఉంటుంది. పక్క నుంచి వెలుతురు పడేలా దగ్గరగా ఫొటో తీసి పంపమని అమ్మేవారిని అడగండి. అక్షరాల లోతు, ఎడం ఒకేలా ఉన్నాయా, చుట్టూ రాపిడి గానీ వెల్డింగ్ గానీ కనిపిస్తోందా చూడండి. తర్వాత ఎగుమతి ధ్రువపత్రంలోని నంబరుతో ఒక్కో అక్షరం సరిపోల్చండి. తొలి రిజిస్ట్రేషన్ నెల, సంవత్సరం కూడా ఆ పత్రంలోనే ఉంటాయి. సీటు బెల్టు మీది చీటీలో తేదీ ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి. బెల్టు మార్చి ఉండవచ్చు కాబట్టి దాని మీదే ఆధారపడవద్దు.

ఆస్ట్రేలియాకైతే దిగుమతి అనుమతి చేతికొచ్చాకే కారును ఓడ ఎక్కించాలి. అక్కడ ఆస్‌బెస్టాస్ నిషేధం ఉంది, పాత కార్ల బ్రేకు లైనింగుల్లో, గ్యాస్కెట్లలో అది ఉండే అవకాశం ఎక్కువ. ఏ దేశానికి పంపినా కారు అడుగుభాగాన్ని మట్టి లేకుండా కడిగించండి, లోపల సామాన్లు పెట్టకండి.

సొంతంగా కట్టుకున్న కారుకు కంపెనీ పత్రాలుండవు, కాబట్టి ఆ సాక్ష్యం మీరే కూడబెట్టాలి. ఇంజన్, గేర్‌బాక్స్, స్టీరింగ్ ఏ బండి నుంచి వచ్చాయో తెలిపే రసీదులు, పని దశలవారీ ఫొటోలు దాచండి. బ్రిటన్‌లో ఇలాంటి కారును ఒక్కటొక్కటిగా పరీక్షించి ఆమోదిస్తారు. బయటికి పొడుచుకొచ్చి, మనిషికి తగలగల అంచుల గుండ్రనం కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉండాలని అక్కడ నియమం. అద్దాల బ్రాకెట్లు, బిగింపుల అంచులు ముందే వేలితో తడిమి చూసుకోండి.

కస్టమ్స్ వదిలినంత మాత్రాన నంబరు ప్లేటు వచ్చినట్టు కాదు. అమెరికాలో కేంద్రం అనుమతించిన కారు కూడా కాలిఫోర్నియాలో ఉద్గారాల నిబంధనల దగ్గర ఆగిపోవచ్చు. అందుకే డబ్బు పంపకముందే మీ రిజిస్ట్రేషన్ కార్యాలయానికి ఛాసిస్ నంబరు, తయారీ నెల రాసి, ఏయే పత్రాలు కావాలో లిఖితపూర్వకంగా తెప్పించుకోండి.