పెద్ద బండితో విశాఖ వస్తున్నారా?

మాది టెంపో ట్రావెలర్. వెనక సీట్లు తీయించి మంచాలు, గ్యాస్ పొయ్యి పెట్టించాం. ఇలాంటి బండితో వచ్చేవాళ్లకు నా మొదటి మాట: బీచ్ రోడ్డులో పార్కింగ్ వెతుక్కోవద్దు. ఆదివారం సాయంత్రమైతే స్కూటర్‌కే చోటు దొరకదు. ఊళ్లోకి రాకముందే లాడ్జికి ఫోన్ చేసి బండి ఎత్తు, పొడవు చెప్పండి. సెల్లార్‌లో పట్టదు, ఆరుబయట స్థలం కావాలని గట్టిగా అడగండి. ఒక్క గది తీసుకున్నా ఇంటిల్లిపాదికీ స్నానాలు, తాగునీళ్లు కుదురుతాయి.

బండి అక్కడే ఉంచి ఆటోలో తిరగండి. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి, దానికెదురుగా టీయూ-142 విమానం ఒకే నడకలో చూసేయొచ్చు. సోమవారం కురుసురకు సెలవు. కైలాసగిరికి రోప్‌వే ఉంది.

అరకుకు మాత్రం పొద్దున్నే కిరండూల్ రైలెక్కమంటాను. అనంతగిరి ఘాట్ మలుపుల్లో స్టీరింగ్ పట్టుకున్న మనిషికి లోయ చూసే భాగ్యం ఉండదు, పాపం. రైల్లో ఆయనా కిటికీ దగ్గర కూర్చుంటాడు. బండిలోనే వెళ్తామంటే చీకటి పడకముందే ఘాట్ దిగేయండి. దిగేటప్పుడు తక్కువ గేరులో ఉండాలి, బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచకూడదు. కదిలే ముందు గ్యాస్ సిలిండర్ ఆపేశారో లేదో చూసుకోండి.

గిన్నెలు కడిగిన నీళ్లు దయచేసి ఇసుకలో పోయకండి. ఇక్కడి ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. ఇంటికెళ్లగానే బండి అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి.