బ్రిటిష్ సైనిక పతకం కొనేముందు: అంచు మీది పేరును కాపాడే జాగ్రత్తలు

సేనాధిపతుల గురించి పుస్తకాలుంటాయి, కూడళ్లలో విగ్రహాలుంటాయి. తుపాకీ మోసిన మామూలు సిపాయి గురించి ఏదో ఒక జాబితాలో ఒక్క వరుస మిగిలితే గొప్ప. బ్రిటిష్ యుద్ధ పతకాలు సేకరించేవారికి ఆ వరుస నేరుగా చేతికందుతుంది. 1815 నాటి వాటర్లూ యుద్ధంలో పాల్గొన్నవారికి హోదాతో నిమిత్తం లేకుండా ఇచ్చిన వెండి పతకం అంచు మీద సైనికుడి పేరు, అతడి దళం పేరు అచ్చు కొట్టారు. తర్వాత వచ్చిన యుద్ధ పతకాల్లో చాలావాటికి అదే పద్ధతి కొనసాగింది. అందుకే ఈ పతకాలు వెండి ముక్కలుగా మిగలకుండా ఒక మనిషి దగ్గరికి దారి చూపుతాయి. మోసం జరిగేదీ ఆ పేరు దగ్గరే, తెలియనితనం వల్ల నష్టం జరిగేదీ అక్కడే. నేను చెప్పే జాగ్రత్తలన్నీ ఆ పేరు చుట్టూ తిరుగుతాయి.

కొనేటప్పుడు

ఉన్న పేరు చెరిపి వేరే పేరు చెక్కడం ఈ రంగంలో పాత మోసం. పెద్దగా గిరాకీ లేని పతకం అంచును అరగదీసి, ప్రసిద్ధ పోరాటంలో ఉన్నవాడి పేరు చెక్కితే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. క్రిమియా యుద్ధంలో 1854 అక్టోబరు 25న బాలక్లావాలో లైట్ బ్రిగేడ్ అనే అశ్వికదళం చేసిన దాడి, దక్షిణాఫ్రికాలో జులూలతో జరిగిన యుద్ధంలో 1879 జనవరిలో 11 విక్టోరియా క్రాస్‌లు (బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం) తెచ్చిపెట్టిన రోర్క్స్ డ్రిఫ్ట్ పోరాటం: ఈ రెండింటి పేరు చెప్పి ఎవరైనా పతకం అమ్మజూపితే సంతోషం కంటే ముందు అనుమానం కలగాలి.

మొదటి పరీక్ష కొలత. విక్టోరియా రాణి కాలం నుంచి మొదటి ప్రపంచ యుద్ధం వరకు వచ్చిన గుండ్రటి పతకాల్లో ఎక్కువవాటి వ్యాసం 36 మిల్లీమీటర్లు. వెర్నియర్ కాలిపర్స్‌తో ఒక్కచోట కొలిచి ఊరుకోకుండా చుట్టూ నాలుగైదు చోట్ల కొలవండి. అంచు అరగదీసి ఉంటే ఆ కాస్త తేడా ఇట్టే బయటపడుతుంది. అసలుదని రూఢిగా తెలిసిన అదే రకం పతకం పక్కన పెట్టుకుని పోల్చగలిగితే మరీ మంచిది.

రెండో పరీక్ష భూతద్దం. పది రెట్లు పెద్దది చేసి చూపేది చాలు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్‌ను వెలుతురులో పక్కకు వంచి అంచు చూడండి. సాధారణ సైనికుడిదైతే ముందు నంబరు, తర్వాత హోదా, పేరు, చివర రెజిమెంటు వరుసగా ఉంటాయి. ఒక్కో అక్షరాన్నీ అచ్చుతో గుద్దారు కనుక గీతలన్నీ ఒకే లోతులో ఉంటాయి, అక్షరం పక్కన లోహం సన్నగా ఒత్తుకుని లేచినట్టు కనిపిస్తుంది. చేత్తో చెక్కిన అక్షరం వేరుగా ఉంటుంది. గీత మొదలైనచోట సన్నగా, మధ్యలో వెడల్పుగా సాగుతుంది, అక్కడక్కడా పనిముట్టు జారిన గుర్తు ఉంటుంది. అక్షరాల చుట్టూ మాత్రం మెరుపు ఎక్కువై మిగతా అంచు నల్లబడి ఉంటే అక్కడ చెయ్యి పడినట్టే.

అయితే చెక్కిన పేరు కనబడగానే నకిలీ అని కొట్టిపారేయకండి. క్రిమియా యుద్ధ పతకాలు చాలావరకు పేరు లేకుండానే ఇచ్చారు. కొందరు తిరిగి పంపి ప్రభుత్వంతో వేయించుకున్నారు, కొందరు రెజిమెంటులోనో ఊళ్లోని కంసాలి దగ్గరో చెక్కించుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికాధికారులకు ఇచ్చిన వార్ మెడల్, విక్టరీ మెడల్ మీద హోదా, పేరు మాత్రమే ఉంటాయి. నంబరూ రెజిమెంటూ లేవని కంగారు పడనక్కర్లేదు. బ్రిటిష్ వార్ మెడల్ వెండిది కదా, కంచుది ఎక్కడిది అని కూడా అనకండి. చైనా, మాల్టా, భారతదేశాల నుంచి వెళ్లిన కూలీ దళాలవారికి కంచువే ఇచ్చారు. నా దృష్టిలో సేకర్తకు దక్కే అపురూపమైన వాటిలో అవీ ఒకటి. ఏ పతకానికి ఏ లోహం, ఏ శైలి అక్షరాలు అన్నది ముందుగా చదువుకుని వెళ్లడమే దీనికి మందు.

రిబ్బన్ మీద పోరాటం పేరుతో ఉండే అడ్డపట్టీని క్లాస్ప్ అంటారు. బోయర్ యుద్ధం నాటి క్వీన్స్ సౌత్ ఆఫ్రికా మెడల్‌కు 26 రకాల క్లాస్ప్‌లు ఉన్నాయి. క్లాస్ప్‌లు పెరిగితే ధర పెరుగుతుంది కనుక విడిగా తెచ్చి తగిలించేవాళ్లూ ఉంటారు. వాటిని కలిపే రివెట్లు చూడండి, ఆ తర్వాత మెడల్ రోల్‌లో, అంటే ఎవరికి ఏ పతకం ఇచ్చారో రాసిన అధికారిక జాబితాలో, ఆ సైనికుడి పేరు ఎదుట ఏ క్లాస్ప్‌లు రాసి ఉన్నాయో సరిచూడండి. రోల్‌లో లేనిది పతకం మీద ఉంటే, ఎందుకున్నదో రుజువు దొరికేదాకా డబ్బు చెల్లించకండి.

విక్టోరియా క్రాస్ గురించి ఒక్క మాట. 1856లో నెలకొల్పిన ఈ పతకం ఇప్పటికి 1,350 పైచిలుకు సార్లు మాత్రమే ఇచ్చారు, గ్రహీతల పేర్లన్నీ బహిరంగంగా ఉన్నాయి. పాత సామాన్ల దుకాణంలో మీకు కనిపించినది నకలే.

రెండో ప్రపంచ యుద్ధం నాటి నక్షత్రాకార పతకాల విషయంలో జాగ్రత్త ఇంకోలా ఉంటుంది. బ్రిటిష్ సైనికులకు వాటిని పేరు లేకుండా ఇచ్చారు. భారత సైనికులకు ఇచ్చినవాటి మీద మాత్రం పేరు అచ్చు కొట్టారు. పేరులేని బర్మా స్టార్‌తో పాటు ఎవరైనా కళ్లు చెమర్చే కథ చెబితే, ఆ కథకు సాక్ష్యంగా పోస్టులో వచ్చిన పెట్టె, లోపలి చీటీ, సర్వీసు పుస్తకం అడగండి. అవి లేకపోతే పతకానికి మాత్రమే ధర కట్టండి, కథకు కట్టకండి.

జంట విడదీయకండి

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఒక సైనికుడికి రెండు మూడు పతకాలు వచ్చేవి: 1914 స్టార్ లేదా 1914-15 స్టార్, వెండి బ్రిటిష్ వార్ మెడల్, ఇంద్రధనుస్సు రంగుల రిబ్బన్‌తో విక్టరీ మెడల్. చనిపోయినవారి కుటుంబాలకు వీటితో పాటు అరచేతి కంటే పెద్దదైన గుండ్రటి కంచు ఫలకం అందేది. 1980 జనవరిలో వెండి ధర ఔన్సుకు 50 డాలర్ల దగ్గరికి ఎగబాకినప్పుడు లెక్కలేనన్ని వార్ మెడల్స్‌ను కరిగించేశారు. ఇవాళ ఒంటరిగా దొరికే విక్టరీ మెడల్స్‌లో చాలావాటి జోడీ ఆ మూసల్లోనే పోయింది. కాబట్టి ఒకే మనిషి పతకాలు కలిసి దొరికితే కలిపే కొనండి, అమ్మాల్సి వస్తే కలిపే అమ్మండి. విడదీసి అమ్మితే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని సలహా ఇచ్చేవారి మాట దయచేసి వినకండి. ఒకసారి చెదిరాక మళ్లీ కలపడం దాదాపు అసాధ్యం.

మనిషిని వెతికేటప్పుడు

డబ్బు నష్టం కంటే పెద్ద ప్రమాదం ఇక్కడుంది: ఒకరి జీవితాన్ని ఇంకొకరికి అంటగట్టడం. పేరు, ఇంటిపేరు కలిశాయి కదా అని ఆగిపోతే ఆ పొరపాటు ఖాయం. కంచు ఫలకాన్నే తీసుకోండి. మరణంలో అందరూ సమానమన్న ఉద్దేశంతో దాని మీద హోదా, రెజిమెంటు లేకుండా పేరు మాత్రమే పోతపోశారు. సాధారణమైన ఇంగ్లిషు పేరైతే అదే పేరుతో చనిపోయినవారు పదులకొద్దీ ఉంటారు. యుద్ధ మృతుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో ఆ పేరు ఎందరికి ఉందో ముందు చూడండి. ఒక్కడే ఉంటే అదృష్టం. ఎక్కువ మంది ఉంటే, కుటుంబ పత్రాలేవీ తోడు లేనప్పుడు, ఫలానా వాడిదని రాయకండి.

నంబరు ఉంటే పని తేలికవుతుంది గాని దాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. 1920కి ముందు సైనికుడి నంబరు రెజిమెంటుకు చెందినది, మొత్తం సైన్యానికి చెందినది కాదు. ఒకే నంబరు వేర్వేరు రెజిమెంట్లలో వేర్వేరు మనుషులకు ఉండేది. దళం మారితే నంబరు మారేది. 1917లో టెరిటోరియల్ దళాలవారందరికీ (మామూలు రోజుల్లో వేరే పనులు చేసుకుంటూ సైనిక శిక్షణ పొందిన స్వచ్ఛంద సైనికులు) కొత్తగా ఆరంకెల నంబర్లిచ్చారు. అంచు మీద ఒక నంబరు, కాగితాల్లో ఇంకో నంబరు కనబడితే వెంటనే వేరే మనిషి అనుకోకండి, అలాగని సరిపెట్టుకోనూ వద్దు. రెండు నంబర్లూ ఒకే కార్డు మీద ఉన్నాయేమో చూడాలి. లండన్ శివారు క్యూలో ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని మెడల్ ఇండెక్స్ కార్డులు అందుకు ఉపయోగపడతాయి. డబ్ల్యూఓ 372 అనే వర్గంలో ఉంటాయి. అక్కడి నుంచి మెడల్ రోల్‌కు, ఆపైన అతడి బెటాలియన్ యుద్ధ దినచర్యకు వెళ్లవచ్చు.

సర్వీసు రికార్డు దొరక్కపోతే నిరుత్సాహపడకండి. 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబుదాడికి లండన్‌లోని యుద్ధ శాఖ గిడ్డంగి కాలిపోయి, మొదటి ప్రపంచ యుద్ధ సైనికుల సర్వీసు పత్రాల్లో సగానికి పైగా బూడిదయ్యాయి. మిగిలినవాటిలో ఎన్నిటికో అంచులు కాలి ఉన్నాయి. పత్రం లేకపోవడం సైనికుడు లేడనడానికి రుజువు కాదు. మెడల్ రోల్‌లో పేరు లేకపోవడమూ అంతే: యుద్ధకాలమంతా బ్రిటన్ గడ్డ మీదే పనిచేసినవారికి యుద్ధ పతకమే రాలేదు.

భారతీయ సైనికుల విషయంలో ఈ ఓపిక రెట్టింపు కావాలి. మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) వంటి దళాల్లో తెలుగువారు పనిచేశారు. వారి పతకాల అంచున ఉండే ఇంగ్లిషు అక్షరాల్లోంచి అసలు పేరు పోల్చుకోవడం తెలుగు చదివే మనకే సాధ్యం. ఇంగ్లిషు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్న పేర్లవి. ఇంటిపేరు ఒక్కోసారి ఉండనే ఉండదు. ఒకే పేరును నాలుగు రకాలుగా రాసి వెతకండి. వార్ గ్రేవ్స్ కమిషన్ నమోదుల్లో కొందరు భారతీయ మృతులకు తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా కూడా ఉంటాయి. అందులోని వైజాగపటం, కిస్ట్నా, కడప్పా జిల్లాలు మద్రాసు రాజధాని కాలం నాటివి. నేటి జిల్లా హద్దులతో పోల్చి ఊరు గుర్తించబోతే తప్పు ఊరికి చేరతారు. మరోమాట: భారతీయ, ఆఫ్రికన్ మృతులు ఎందరినో బ్రిటిష్ వారితో సమానంగా స్మరించలేదని ఆ కమిషనే 2021లో అంగీకరించి క్షమాపణ చెప్పింది. స్మారకం మీద పేరు లేనంత మాత్రాన అతడు అక్కడ చనిపోలేదని తేల్చేయకండి.

వారసులకు చెప్పేటప్పుడు

వెతుకుతూపోతే ఆ సైనికుడి మునిమనుమలు తారసపడవచ్చు. అక్కడ తొందరపడకండి. సర్వీసు పత్రాల్లో శౌర్యంతో పాటు లైంగిక వ్యాధులకు చికిత్స, శిక్షలు, పారిపోయిన రోజులు, ఇంటివారికి తెలియని పెళ్లిళ్లు కూడా ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పారిపోయారనో పిరికితనం చూపారనో, అలాంటి ఇతర నేరాలు మోపో కాల్చి చంపిన 306 మందికి 2006లో బ్రిటన్ క్షమాభిక్ష ప్రకటించింది. అన్ని దశాబ్దాలు ఆ కుటుంబాల్లో ఎంతటి మౌనం ఉండి ఉంటుందో ఊహించండి. ముందు పతకం సంగతి చెప్పండి, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో వాళ్లనే అడగండి. బతికున్నవారి పేర్లు, చిరునామాలు, ఫొటోలు వారి అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి.

దాచేటప్పుడు

మన ఇళ్లలో నల్లబడ్డ వెండి కనబడితే చేతులు ఊరుకోవు. పూజ సామాను తోమినట్టు విభూతితోనో చింతపండుతోనో టూత్‌పేస్టుతోనో పతకం తోమితే అంచు మీది అక్షరాలు తోమినకొద్దీ అరిగిపోతాయి. ఆ నలుపు వల్ల హాని లేదు, పైగా అసలుదని చెప్పే సాక్ష్యాల్లో అదీ ఒకటి. మెత్తటి పొడిబట్టతో దుమ్ము అద్దితే చాలు. అంచు మీద వేలిముద్రలు పడకుండా నూలు తొడుగులు వేసుకుని పట్టుకోండి.

పీవీసీ సంచులు వాడకండి, కాలక్రమంలో వాటినుంచి వెలువడే ఆమ్లం కంచు మీద పచ్చటి జిడ్డు పేరుస్తుంది. రబ్బరు బ్యాండ్లలో, ఉన్ని బట్టలో ఉండే గంధకం వెండిని నల్లబరుస్తుంది. ఆమ్లం లేని కాగితం, పాలిస్టర్ తొడుగులు మేలు. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో ఉండేవారు పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలంలో తరచూ మార్చాలి. రిబ్బన్ చిరిగినా, రంగు వెలిసినా పారేయకండి. కొత్తది తగిలించాలనిపిస్తే పాతదాన్ని మడతపడకుండా అదే పెట్టెలో ఉంచండి.

దేశం దాటించేటప్పుడు

విదేశాల్లో ఉన్న మనవాళ్లు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. 1972 నాటి పురాతన వస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చేతిపనితనపు వస్తువులు పురాతన వస్తువుల కిందికి వస్తాయి. ప్రైవేటు వ్యక్తులు వాటిని భారతదేశం నుంచి బయటికి తీసుకెళ్లడం జైలు శిక్ష కూడా పడే నేరం. మొదటి ప్రపంచ యుద్ధ పతకాలకు ఇప్పుడు వందేళ్లు నిండాయి. తాతగారిదే కదా అని సూట్‌కేసులో వేసుకుని విమానాశ్రయానికి వెళ్లకండి. అంత పాతది కాదని మీకు నమ్మకం ఉంటే, ప్రయాణానికి చాలా ముందే భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ కార్యాలయాన్ని సంప్రదించి, అది పురాతన వస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి. బ్రిటన్ నుంచి తెచ్చుకునేవారు కొన్న రసీదు, వేలం చీటీ దగ్గర ఉంచుకోవాలి. యాభై ఏళ్లు దాటిన వస్తువు విలువ నిర్ణీత పరిమితి మించితే అక్కడా ఎగుమతి అనుమతి అవసరమవుతుంది కాబట్టి, డబ్బు కట్టకముందే ఆ సంగతి అమ్మకందారును అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.