సిండ్రెల్లాను ఈ కాలపు టీనేజర్ల కోసం తిరిగి రాయాలంటే

సినిమాలను కాసేపు పక్కనపెట్టి ముందు పాత కథలు చదవండి. మా లైబ్రరీలో కథలు రాసే పిల్లలతో నేను మొదట చేయించేది ఇదే. 1697లో ఫ్రాన్స్‌లో పెరో అచ్చువేయించిన కథలో గుమ్మడికాయ బండి, గాజు చెప్పు ఉంటాయి. జర్మనీలో గ్రిమ్ సోదరుల కథలో మంత్రదేవతే లేదు. తల్లి సమాధి మీద పెరిగిన చెట్టు ఉంది. చెప్పు పట్టడం కోసం ఒక అక్క కాలివేలు, ఇంకో అక్క మడమ కోసుకుంటారు. నాకు ఆ చెట్టే ప్రాణం. అమ్మ పోయిన పిల్ల దుఃఖం అక్కడుంది.

తర్వాత, దేన్ని తీసేస్తే కథ కూలిపోతుందో దాన్ని పట్టుకోండి. మిగతాదంతా మార్చవచ్చు. మరిస్సా మేయర్ 2012లో తెచ్చిన ‘సిండర్’ నవలలో నాయిక సగం యంత్రమైన మెకానిక్. మెట్ల మీద ఆమె వదిలిపోయేది చెప్పు కాదు, లోహపు పాదం!

మీ కథలోని అమ్మాయి ఆ సవతి తల్లి ఇల్లు వదిలి ఎందుకు వెళ్లిపోదు? డబ్బు లేకా, చెల్లెలి కోసమా? టీనేజ్ పాఠకులు తప్పకుండా అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉండాలి. ఫోన్లు, ఇన్‌స్టాగ్రామ్ తెచ్చిపెడితే అది జవాబు కాదు.

సవతి తల్లికి దేనికి భయమో విడిగా ఒక పేజీ రాసుకోండి, కథలో వాడకపోయినా సరే. సవతి తల్లి అంటే దుర్మార్గురాలన్న ముద్ర కూడా మారరానిదేమీ కాదు: 1812 నాటి గ్రిమ్ ‘స్నోవైట్’లో పిల్లను చంపించబోయింది కన్నతల్లే. 1819లో ఆమెను సవతి తల్లిని చేశారు.

చిత్తుప్రతి అయ్యాక ఒక పదిహేనేళ్ల పిల్లకు పైకి చదివి వినిపించండి. తర్వాత ఏం జరుగుతుందో తను ఎక్కడ ముందే చెప్పేస్తే, అక్కడి నుంచి మళ్లీ రాయండి.