కారులో ఫ్యూజు మళ్లీ మళ్లీ ఎందుకు కాలిపోతుంది?

అనంతపురం ఎండలో వెళ్తుండగా ఏసీ గాలి ఆగిపోతే, ఇంజను ఆపి తాళంచెవి తీసి, సాధారణంగా డాష్‌బోర్డు కింద ఉండే ఫ్యూజు పెట్టె మూత తెరిచి, బ్లోయరుకు, అంటే గాలిని తోసే ఫ్యానుకు, చెందిన ఫ్యూజు ఏదన్నది ఫ్యూజుల పటంలో చూసుకోవాలి. దానిని లాగి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, కాలిన ఫ్యూజులో రెండు కాళ్లను కలిపే సన్నని లోహపు పట్టీ తెగి, ప్లాస్టిక్కు నల్లబడి కనిపిస్తుంది. అన్నే ఆంపియర్లున్న ఫ్యూజునే మళ్లీ పెట్టాలి: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30.

కొత్తది పెట్టగానే కాలితే, తీగ పైపొర ఒరిసిపోయి కారు బాడీకి తగులుతోందనో, ఎలుక కొరికిందనో అనుమానించాలి. కొంతసేపు నడిచాక కాలితే, బేరింగు అరిగిన బ్లోయరు మోటారు ఎక్కువ కరెంటు లాగుతూ ఉండవచ్చు. ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు గానీ రాగి తీగ గానీ పెట్టడం ఎంతమాత్రం తగదు. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరింగే కాలి మంటలు లేస్తాయి.